ఆ లారీది కాని రేడియేటర్

సిద్దిపేట మెదక్ రోడ్డులో రేడియేటర్లు బాగుచేసే ఇషాక్‌కు అరవై రెండేళ్లు. పాత బండి బానెట్ ఎత్తితే చాలు, లోపల ఉన్నది ఆ బండిదో, ఎక్కడినుంచో తెచ్చి బిగించిందో చెప్పేస్తాడు. నోరు మాత్రం పరమ చెడ్డది. తప్పు పని చేసినవాణ్ణి వీధిలో నిలబెట్టి కడిగేస్తాడు.

ఆ రోజు రమాకాంత్ తన తండ్రి కాలంనాటి లారీ తెచ్చాడు. పాత బండ్ల పోటీకి దాన్ని ముస్తాబు చేస్తున్నాడు. రేడియేటర్ కారుతోందట.

"గిది ఈ లారీది కాదు సాబ్," అన్నాడు ఇషాక్.

"మా బాపు కొన్నప్పటిసంది గిదే ఉన్నది. నీ కండ్లు పోయినయా?"

"నీళ్లు పోసే మూత నడుమ ఉండాలె, పక్కకున్నది. కింది పైపుకు వంకర ముక్క అతికిచ్చిన్రు. బోల్టు రంధ్రాలు పెద్దగ చేసిన్రు. అసలుదైతే గిన్ని తిప్పలెందుకు?"

రమాకాంత్ మొహం మాడిపోయింది. "అయితే అసలుదాన్ని అప్పటి మా డ్రైవర్ ఎల్లన్నే అమ్ముకున్నడు. బండి ఊకె వేడెక్కుతుంటే, నీళ్లు పోస్తలేడని బాపు వాన్ని ఎల్లగొట్టిండు. దొంగ అని తెల్వకపాయె. ఇప్పుడే వాని ఊరు కొండపాక పోయి నలుగురి ముంగట అడుగుత."

ఎల్లన్న పేరు వినగానే ఇషాక్‌కు ఆ బండి గుర్తుకొచ్చింది. ఆ రంధ్రాలు పెద్దవి చేసింది తనే. ముప్పై ఏళ్ల కింద, మరమ్మతుకొచ్చిన బండి నుంచి మంచి ఇత్తడి రేడియేటర్ కాజేసి, ఏదో తుక్కు లారీలోని చిన్నది బిగించి పంపాడు. యజమానులు బానెట్ కింద తల పెట్టరని ధీమా. ఆ చిన్న రేడియేటర్ అంత పెద్ద ఇంజన్‌ను చల్లబరచలేకపోయింది. ఎల్లన్న పని పోయిందని అప్పుడే విన్నాడు. ఊరందరి మీద లేచే నోరు ఆ ఒక్కరోజు పెగల్లేదు. ఇప్పుడూ ఊరుకుంటే అడిగేవాడు లేడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎల్లన్న జోలికి పోకు. మార్చింది నేను."

రమాకాంత్ అతని కాలర్ పట్టుకున్నాడు. ఇషాక్ విడిపించుకోలేదు.

"కొండపాకకే పోదాం పా. నలుగురి ముంగట గీ మాటే చెప్త."

కొండపాకలో ఎల్లన్న లేడు, చనిపోయి ఏడాదయిందట. అతని భార్య పోశమ్మ గడపలోనే నిలబడి ఇషాక్ చెప్పిందంతా విన్నది. వాళ్లను కూర్చోమనలేదు.

"నీళ్లు పోసిన, పోసిన అని సచ్చేదాక మొత్తుకున్నడు," అన్నది ఇషాక్ వైపు చూస్తూ. "నేను సుత నమ్మలే."