మంజులమ్మ మేడమ్, మా ఇత్తడి బిళ్ళలు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పొద్దున బెంగళూరు రైలెక్కి కిటికీ పక్కన కూర్చోగానే నేను చేసే మొదటి పని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం. వేళ్ళకి ఇత్తడి వాసన ఉంటుంది. ఇవాళ కూడా ఉంది. అది తగలగానే మనసు గంతులేస్తుంది. ఒళ్ళో పుస్తకం ఉన్నా చదవబుద్ధి కాదు, మంజులమ్మ మేడమ్ గుర్తొస్తుంది.

ఆమె మా కోరమండల్ లైన్లకి బీట్ పోలీసు. మూతబడిన బంగారు గనుల కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన వరుస ఇళ్ళనే మేము లైన్లంటాము. ఆమె నడిచే వచ్చేది. గడప గడపకీ ఆగి, మంచినీళ్ళడిగి తాగి, ఎవరింట్లో ఎవరికి బాగాలేదో కనుక్కునేది. రాయల్పాడు మామిడితోటల్లో పెరిగిన మనిషి, ఒంటిమీద ఖాకీ ఉన్నా మాట మాత్రం మా ఇంటి తెలుగే. అప్పుడు నేను బెంగళూరు ఉద్యోగానికి కొత్త. సాయంత్రం రైలు దిగి, పాత మిల్లు గోడ పక్క దారిలో ఇంటికి రావాలి. నాతో దిగిన అమ్మాయిలు గుంపుగా ముందు పోయేవారు. నలుగురిలో కలవడం నాకు చేతకాదు, వెనకబడేదాన్ని. ఒక బైకు రోజూ మెల్లగా నా వెనకే వచ్చేది. వెనక్కి చూస్తూ చూస్తూ, చివరికి పరుగందుకునేదాన్ని. ఇంట్లో చెబితే ఉద్యోగం మాన్పిస్తారు. అందుకే అదంతా డైరీలో రాసుకుని ఊరుకున్నాను.

ఒకనాడు మేడమ్ మా గుమ్మంలో ఆగి నా కాళ్ళవైపు చూసింది.

"ఏం పాపా, చుడీదార్ కింద ఈ బూట్లేమి? పరిగెత్తేదానికా?"

కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. ఆమె గొంతు తగ్గించింది. "యాడ? మిల్లు గోడ కాడనా?"

తల ఊపాను.

"సరే. ఆదివారం బీట్ మీటింగ్‌కి రా. మాట్లాడకపోయినా పర్వాలేదు, వచ్చి కూర్చో."

లైన్ల జనమంతా మేడమ్‌తో కూర్చునే ఆ మీటింగ్ గనివాళ్ళ పాత క్లబ్బు వరండాలో జరిగింది. మేడమ్ నా పేరెత్తకుండా మిల్లు దారి మాట తీసింది. అందరికంటే ముందు లేచింది మా నాన్నే.

"పొద్దుండంగానే రాలేకపోతే ఆ పని మానుకోనీ మేడమ్. ఆడపిల్లకి ఏమన్నా అయితే ఎవురు దిక్కు?"

మేడమ్ మాత్రం నవ్వింది. "మంచిదే అప్పా. ఇంగ రేపు కొళాయి కాడికి పోయేదీ మాన్పిద్దామా? నేనొక్కదాన్ని, ఇన్ని లైన్లు. దినామూ ఆ గోడ కాడ నిలబడేదానికి నాతో కాదు. మీరే చెప్పండి, ఏం చేస్తాము?"

మూలన కూర్చున్న మా తాత గొంతు సవరించుకున్నాడు. "మేము గనిలోకి దిగేముందర ఎవురి నంబరేసిన ఇత్తడి బిళ్ళ వాళ్ళు బోర్డుకి తగిలించి పోతా ఉంటిమి. పైకొచ్చినాక తీసుకునేది. షిఫ్టు అయినాక ఒక్క బిళ్ళ మిగిలినా ఎవురూ ఇంటికి పోయేది లేదు. వెతికేదే."

"ఇంగ ఆడపిల్లోళ్ళని గనిలో దించుతావా తాతా?" అన్నారెవరో. వరండా అంతా నవ్వులు.

మేడమ్ కళ్ళు మెరిశాయి. "తాతా, ఇంకోసారి చెప్పు!" అని మొత్తం విన్నది. తర్వాత నావైపు తిరిగింది. "బిళ్ళ తగిలించేది ఈ ఆడపిల్లోళ్ళు. వీళ్ళని అడగొద్దా మనం? చెప్పు పాపా."

"బిళ్ళ ఉంటే... నేను పనికి పోతాను."

పదిమందిలో నేను పలికిన మొదటి మాట అదే. ఆ రాత్రి డైరీలో చేయి ఆగలేదు.

వారం తిరక్కుండా పాత ట్రంకుపెట్టెల్లోంచి ఇత్తడి బిళ్ళలు బయటపడ్డాయి. చింతపండుతో తోమితే తళతళలాడాయి. క్లబ్బు వరండాలో మేకులు కొట్టిన పలక పెట్టారు. రైలెక్కే ఆడపిల్లలం పొద్దున పోతూ తగిలించాలి, సాయంత్రం వచ్చి తీసుకోవాలి. నాకు దక్కింది మా తాత బిళ్ళే.

ఒకరోజు ఆఫీసులో ఆలస్యమై రోజూ ఎక్కే రైలు తప్పింది. ఫోన్‌లో ఛార్జి అయిపోయింది. తర్వాతి రైలు దిగేసరికి మసకపడింది. మిల్లు గోడ దగ్గర ఆ బైకు కనిపించింది. వంగి బూట్ల లేసులు బిగించుకున్నాను. అంతలో దారి మలుపులో ఒక దీపం, వెనకే మరొకటి, ఆపైన బారుగా దీపాలు! పాత గని టోపీ పెట్టుకుని అందరికీ ముందు మా తాత. పక్కన నాన్న. వెనక లైన్లన్నీ కదిలొచ్చినట్టున్నాయి. పలక మీద నా బిళ్ళ ఒక్కటే మిగిలిందట. భయం ఎటు పోయిందో, ఈలవేయాలనిపించింది.

బైకువాడు పారిపోబోయాడు. గుంపులోంచి మేడమ్ ముందుకొచ్చి తాళంచెవి లాగేసుకుంది. "నీ ఇల్లు నాకు తెలుసప్పా. మొన్ననే మీ అమ్మ చేతి కాఫీ తాగినాను. ఆమెకి నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?"

వాడి తల వాలిపోయింది. ఆ బైకు మళ్ళీ ఆ దారిలో కనబడలేదు.

నాన్న నావైపు చూడకుండా ఇంటిదాకా ముందే నడిచాడు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. తెల్లవారి నాకంటే ముందే చెప్పులేసుకుని వరండా దాకా వచ్చాడు. నా చేతిలోంచి బిళ్ళ తీసుకుని, తానే మేకుకి తగిలించాడు.

మేడమ్‌కి బదిలీ అయింది. వెళ్ళేరోజు పొద్దున మామూలు చీరలో వరండాకి వచ్చింది. ఏదో చెప్పాలని రాత్రంతా వాక్యాలు కూర్చుకున్నాను. అవి మొదలుపెట్టేలోపే దూరంగా రైలు కూత పెట్టింది. ఆమె నా భుజం మీద చేయి వేసి, స్టేషన్ వైపు తిప్పింది.

"వెనక చూసేదానికి ఇంతమంది ఉండారు. నువ్వు ముందర చూసుకోని పో పాపా."