మా బావ ఆనందానికి నేనిచ్చిన పూచీ

గుడివాడ గ్రంథాలయంలో తత్త్వశాస్త్రం బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. పదో తరగతి తప్పి సైకిలు షాపు పెట్టుకున్నవాడికి అది చిన్న విషయం కాదు. ఆ చదువువల్ల తేలిందేమిటంటే, రోజూ ఒకే పని చేసుకుంటూ కోరికలు లేకుండా బతికేవాడిదే నిలిచే ఆనందం. అలాంటివాడి కోసం దూరం వెళ్లక్కర్లేకపోయింది. పెడనలో కలంకారీ అద్దకం పని చేసే మా చెల్లెలి భర్త ఉన్నాడు.

మా బావ ఇరవై ఏళ్లుగా ఒకే బల్ల ముందు నిలబడి, చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో గుద్దుతున్నాడు. తీరిక దొరికితే వెళ్లి పక్కన కూర్చుని చూసేవాణ్ణి. నిలబడేది ఆయన, తరించేది నేను.

ఒకరోజు నేను వెళ్లేసరికి ఆయన భోజనానికి వెళ్లాడు. అద్దకం షెడ్డు యజమాని నన్ను కూర్చోబెట్టి, "మేస్త్రీ మానేస్తున్నాడండీ. మీ బావగారిని వేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?" అన్నాడు.

అంత గౌరవంగా నన్నెవరూ సలహా అడగలేదు. అరగంట మాట్లాడాను. ఆ మనిషి ప్రశాంతతను పదవితో చెడగొట్టవద్దన్నాను. యజమాని నా జ్ఞానానికి తల ఊపి, బంటుమిల్లి నుంచి వేరే మేస్త్రీని తెచ్చుకున్నాడు.

బావ కుడి భుజం ఏడాదిగా సరిగా లేవడం లేదనీ, గుద్దే అవసరంలేని ఆ మేస్త్రీ పని కోసమే కాచుకుని ఉన్నాడనీ తర్వాత చెల్లెలు చెప్పింది. ఈ సంగతి ఏ అరలోనూ లేదు.

వెళ్లి యజమానిని బతిమాలాను. "మీరే కదండీ వద్దన్నారు. చదువుకున్నవారని నమ్మాను," అన్నాడు.

బల్ల దగ్గరికి వెళ్లి బావతో జరిగిందంతా ఒప్పుకున్నాను. ఆయన ఎడమచేత్తో గుద్దుతున్నాడు. చెయ్యి ఆపలేదు.

"నాకు విసుగు రాదని నీకెవరు చెప్పారు బావా?" అన్నాడు.

"ఎప్పుడూ నవ్వుతూ కనపడతావుగా."

"నువ్వొచ్చి అలా చూస్తుంటే నవ్వక ఏం చెయ్యను? విసుగొచ్చినా రాకపోయినా సాయంత్రానికి ఓ దుప్పటి తయారవుద్ది. దాన్ని చూస్తే బాగుంటది, కాదనను. భుజం ఉన్నన్నాళ్లే ఆ ముచ్చట."

ఆయన అచ్చు రంగులో అద్ది గుడ్డ మీద పెట్టి, పక్కకు జరిగాడు.

"గుద్దు," అన్నాడు.

గుద్దాను. పువ్వు సగమే పడింది.

"పాడైందా?"

"అయ్యింది. ఇంకోటి పెడతాను, ఉండు."