గోడకూ బస్తాలకూ మధ్య బండి

గ్రూపులో అక్కలూ, నేను ఐదు వరకే చదివాను, రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి.

ఈ రోజు మధ్యాహ్నం మా ఆయనకు క్యారేజీ తీసుకుని తెనాలి గోడౌనుకు వెళ్ళాను. ఆయన అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు, పెద్ద టైర్లతో బురదలో కూడా పోయే రకం. అది గోడకూ ధాన్యం బస్తాలకూ మధ్య ఇరుక్కుంది. బస్తాలు తీయాల్సిందే అన్నారందరూ. మా ఆయన ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వైపు తిప్పి, బండిని పీతలా ఓరగా నడిపించి బయటకు తెచ్చారు.

సంతోషంగా ఉన్నారు కదా అని అన్నం వడ్డిస్తూ అడిగాను.

"ఎల్లుండి మా అమ్మకు కంటి ఆపరేషనండి. రేపల్లె వెళ్ళి రెండు రోజులుండి వస్తాను."

"నాదేముందే, అమ్మనడుగు."

"అత్తయ్యగారు మిమ్మల్నే అడగమన్నారండి."

"అయితే మళ్ళీ అమ్మనే అడుగు."

ఇంటికొచ్చి మళ్ళీ అడిగాను. "వాడేమన్నాడు?" అన్నారు అత్తయ్యగారు. వారం రోజులుగా ఇదే వరస. అంత బండిని ఇరుకులోంచి తీసిన మనిషికి, తల్లికీ తనకూ మధ్య నేను ఇరుక్కున్న సంగతి కనపడలేదు.

మీ ఇళ్ళలో ఎవరినడిగి బయలుదేరతారో చెప్పండి. చదివాక మాత్రం మీ ఫోన్లలోంచి ఇది తీసేయండి. మా ఆడపడుచు కంటపడితే, రేపల్లె గురించి నేనింక ఎవర్నీ అడగాల్సిన పనే ఉండదు, పెట్టె సర్ది వాళ్ళే పుట్టింటికి పంపేస్తారు.