ఆఖరి బంతిలో సార్ లెక్క

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో నా ఉద్యోగం, పెళ్లి భోజనాల దగ్గర నిలబడి ఎవరిని ఏ బంతిలో కూర్చోబెట్టాలో చూసుకోవడం లాంటిది. సర్వర్లు కొన్నే, అడిగేవాళ్లు మాత్రం క్యాంపస్ నిండా ఉన్నారు. పరీక్షల రిజల్ట్స్, అడ్మిషన్లు, ఫీజులు మొదటి బంతి. పరిశోధనలు రెండోది. రిటైరైనవాళ్ల పనులు ఆఖరున, ఏమైనా మిగిలితే.

ఈ వరస పెట్టింది మా సారే. నాకు పని నేర్పి, తన కుర్చీలో కూర్చోబెట్టి రిటైరయ్యారు. దాంతో ఆయన లెక్కే ఆఖరి బంతికి చేరింది. వానలు వెనకబడితే ఏ ఊరి బోర్లలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పే లెక్క అది. సగం జీవితం దానికే పెట్టారు. సర్వర్ మీద అది కాస్త నడిచేది, ఇంతలో రిజల్ట్స్ వచ్చేవి. విద్యార్థులంతా ఒక్కసారే సైటు మీద పడేవారు. సార్ లెక్కను ఆపక తప్పేది కాదు.

లెక్క ఇలా ఆగుతూ సాగుతుండగానే ఆయనకు మరుపు మొదలైంది. మామూలు మరుపు కాదని డాక్టర్ చెప్పారు. తార్నాకలో వాళ్ల ఫ్లాటుకు వెళ్లినప్పుడల్లా నాకు ఒకటే భయం. లెక్క పూర్తయ్యేసరికి అది తనదని ఆయనకు గుర్తుంటుందా?

"ఒక్కసారి మీది ముందుకు జరుపుత సార్. ఎవరికీ తెల్వది," అన్నాను.

"నేను పెట్టిన రూల్ నాకు లేదా బిడ్డా? పోరగాళ్లు రిజల్ట్ కోసం గుండెలు పట్టుకొని కూసుంటరు. నాదేమున్నది, ఆగుతది."

లెక్క ఆగుతుంది, మీరు ఆగుతారా అని అరవాలనిపించింది. ఆ మంచితనం మీద ఒళ్లు మండింది. మెట్రో మెట్ల దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగానే ఏడ్చాను.

తర్వాత అడ్మిషన్లు, ఆ తర్వాత సప్లిమెంటరీ. నేను వెళ్లిన ప్రతిసారీ ఆయనలో ఏదో ఒకటి తగ్గి ఉండేది. ఒకసారి టిఫిన్ సెంటరుకు దారి పోయింది. ఇంకోసారి నా పేరు పోయింది.

మా రీసెర్చ్ స్కాలర్లకు ఒక పద్ధతి ఉంది. థీసిస్ ఇవ్వబోయేవాళ్లకు మిగతావాళ్లు సర్వర్ మీద తమ వంతు వదులుకుంటారు. ఆ ఎండాకాలం అందరూ కూడబలుక్కుని నా దగ్గరికి వచ్చారు.

"సార్‌ది గూడ థీసిస్సే కద మేడం. మా వంతులు ఆయనకియ్యండి," అన్నారు.

రూలూ తప్పలేదు, లెక్కా పూర్తయింది. ఏ ఊళ్లో నీళ్లు ఎన్నాళ్లో చూపించే మ్యాపు రంగుల్లో ప్రింట్ తీయించి పరుగున వెళ్లాను. వాళ్లావిడ ఆయనకు కళ్లజోడు పెట్టారు. సార్ వేలు ఒక్కో ఊరి మీద ఆగుతూ నడిచింది. ముఖం విప్పారింది. నా ప్రాణం లేచి వచ్చింది.

"ఎవలు చేసిండ్రమ్మా గిది?"

"మీరే సార్."

ఆటపట్టిస్తున్నాననుకుని నవ్వారు. మళ్లీ మ్యాపులోకి వంగి చూశారు.

"మస్తు చేసిండు. గిసొంటోళ్లను లైన్ల నిలబెట్టొద్దు బిడ్డా. ముందుగాల గాయన పని కానియ్యి."

"అట్లనే సార్," అన్నాను.