పుస్తకం కోసమే వచ్చినా మామా

ఒక్క మాటతో సొంత సంసారాన్ని చంద్రమండలం అంత దూరం విసిరేసుకున్న మొనగాణ్ణి నేను. ఆ ఘనకార్యం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కానీ మెల్లగా నవ్వండి. అవతల గదిలో ఉన్నావిడకు వినబడితే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

కర్నూలు రాజధాని అయి, సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్న రోజులవి. నేను డోన్‌లో ఒక నూనె మిల్లులో గుమాస్తాను. కొత్తగా పెళ్ళయింది. ఓబులమ్మ మా మేనమామ కూతురే, వాళ్ళది నందికొట్కూరు. చిన్నప్పుడు జుట్లు పట్టుకుని కొట్టుకున్నవాళ్ళం. తీరా మూడు ముళ్ళూ పడ్డాక ఇద్దరికీ ఎక్కడలేని సిగ్గూ వచ్చిపడింది. సాయంత్రం నేను మిల్లు నుంచి రాగానే ఆమె గోడను చూసేది, నేను దూలాలను చూసేవాణ్ణి.

మా మధ్య మాటల కరువు తీర్చింది ఒక పాత పుస్తకం. స్టేషను దగ్గర బొరుగుల అంగడిలో పొట్లం కట్టించుకుని నాలుగడుగులు వేశానో లేదో, పొట్లం మీది అచ్చు కంటబడింది. "అంతట నా రాగి యోడ భూమండలమును వీడి చంద్రమండలాభిముఖమై లేచెను" అని ఉంది. బొరుగులు జేబులో పోసుకుని వెనక్కి పరుగెత్తాను.

"అప్పా, ఆ పుస్తకం చించొద్దు!"

"ఏమప్పా, నీదా?" అన్నాడు అంగడాయన.

"నాది కాదు. ఆయప్ప చందమామ కాడికి పోతాండాడు!"

అంగడాయన స్టేషను వైపు తొంగి చూసి, "ఇంకా యాడికి పోతాడప్పా, బండే రాలేదు కదా" అన్నాడు.

మిగిలిన పుస్తకం తెచ్చుకున్నాను. అట్ట అప్పటికే పోయింది. మొదటి పేజీలు ఎవరెవరి బొరుగులతోనో ఊరంతా వెళ్ళిపోయాయి. అందుకే దాని పేరేమిటో, రాసిన మహానుభావుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. అచ్చు మాత్రం మా తాతల నాటిది.

ఆ రోజు నుంచి పొద్దు వాలగానే మిద్దె మీద నేను చదవడం, ఓబులమ్మ వినడం. కథానాయకుడు రాగితో ఓడ చేసుకుని, ఇంటిదాన్ని ఇంట్లో వదిలి, మెరిసే రాళ్ళు తేవడానికి చంద్రుడి మీదికి వెళతాడు. గ్రాంథికం ఆమెకు అర్థమయ్యేది కాదు, నాకూ అంతంత మాత్రమే. అయినా ప్రశ్నలకు లోటు లేదు.

"బావా, చందమామలో నీళ్ళుండాయా?"

"లేవంట."

"అయితే మన డోనే. దానికి అంత దూరం పోవల్నా? అయినా రాళ్ళు బేతంచెర్లలో లేవా? పెండ్లాన్ని ఇడిసిపెట్టి పొయ్యినాడు సూడు, ఎంత తిక్కోడో!"

నేను నవ్వేవాణ్ణి. ఆమె నవ్వేది. చీకటి పడి అక్షరాలు కనబడకపోయినా దిగేవాళ్ళం కాదు. అంత సుఖం నేను మళ్ళీ ఎరగను.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్ళికూతురు పుట్టింటికి పోవాలి, అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. మామ వచ్చి ఓబులమ్మను తీసుకుపోయాడు. ఆ సాయంత్రం మిద్దెక్కి చూస్తే పుస్తకం లేదు. తన పెట్టెలో పెట్టుకుపోయింది. అప్పటికి కథలో రాగి ఓడ విరిగిపోయి, ఆయన రాళ్ళ మధ్య కూర్చుని భూమిని చూసి ఏడుస్తున్నాడు. ఆయనకు భూమైనా కనబడుతోంది. నాకు నందికొట్కూరు కూడా కనబడదు. అన్నం సయించలేదు, మిల్లు లెక్కలు తప్పాయి. బెంగ పుస్తకం మీదా అంటారేమో. కాదు, ఆమె మీదే. ఆమె లేని మిద్దె మీద కూర్చోవడం నా వల్ల కాలేదు.

సరే, గడప దాటకూడదన్నారు గానీ వీధిలో నిలబడకూడదని ఎవరూ అనలేదు కదా అని, కర్నూలు మీదుగా బస్సెక్కి వెళ్ళి మామ ఇంటి ముందు గాజులమ్మేవాడిలా నిలబడ్డాను. మామ అరుగు మీద ఉన్నాడు.

"ఏమప్పా అల్లుడా! ఆషాఢంలో వచ్చినావే!"

నేను అరుగు మీద కాలు పెట్టబోయాను. ఎదురింటి అవ్వ కేక వేసింది. "ఎక్కనియ్యొద్దు! అరుగు గూడా గడప కిందికే లెక్క!"

"యాడుండాది ఆ లెక్క? గడపంటే గడపే" అన్నాడు పక్కింటాయన.

ఇద్దరికీ వాదం ముదిరింది. జనం చేరారు. తలుపు వెనక నుంచి అత్త గొంతు, "నాయనా, ఎండలో నిలబడినావు, తినేదానికి ఉగ్గాని పంపియ్యనా?" అంది. ఆ గొంతు పక్కనే గాజులు గలగలలాడాయి. అవి ఓబులమ్మ గాజులు.

"అది సరేగాని, ఎందుకొచ్చినావప్పా?" అన్నాడు మామ.

వీధి మొత్తం చెవులు రిక్కించింది. నిజం చెప్పాల్సిన చోటు అదే. కానీ అంతమందిలో పెళ్ళాం కోసం వచ్చానని ఎలా చెప్పను?

"పుస్తకం కోసం వచ్చినా మామా."

"ఏందీ? డోన్ నుంచా?"

"అవును, పుస్తకం కోసమే. ఈడ నాకు ఇంకేం పని లేదు."

చూశారా, ఆ చివరి మాట ఎవరడిగారు చెప్పండి! గాజుల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి కిటికీలోంచి మణికట్టు దాకా ఒక చెయ్యి, దానిలో పుస్తకం బయటికొచ్చాయి.

"ఓబులమ్మా, బాగుండావా?" అన్నాను మెల్లగా.

"పుస్తకం శానా బాగుండాది. తీసకపో."

కిటికీ మూసుకుంది. ఉగ్గాని రాలేదు. తిరుగు బస్సులో పుస్తకం తెరిస్తే చివరి పేజీలు లేవు. బ్లేడుతో కోసినట్టు నున్నగా తీసేసింది. ఇక ఆ ఆషాఢం ఎలా గడిచిందో ఆ చంద్రమండలం మీది ఆయన్నే అడగాలి.

శ్రావణంలో వచ్చింది. మిద్దె మీద దూరంగా కూర్చుంది. నేనే తెగించి అడిగాను.

"ఆయప్ప తిరిగొచ్చినాడా?"

"వచ్చినాడు బావా. ఇంటి ముందర నిలబడినాడు. పెండ్లాం ఎగిరి గంతేసి, ఎందుకొచ్చినావు అని అడిగింది."

"ఏమన్నాడు?"

"పుస్తకం మర్చిపొయ్యినా, దానికోసం వచ్చినా అన్నాడంట."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ అంది. "నువ్వొస్తావనే బావా ఆ పుస్తకం తీసకపొయ్యింది. వచ్చినావు. వచ్చి నాకేం పని లేదంటివి."

అందుచేత మహాజనులారా, అట్ట లేని ఈ పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. మనిషి కోసం వెళ్ళిన చోట మనిషి కోసమే వచ్చానని, వీధి వీధంతా వింటున్నా సరే, గొంతెత్తి చెబుతాను.

ఆ చివరి పేజీలు ఇప్పటికీ ఓబులమ్మ పెట్టెలోనే ఉన్నాయి. చదవాలని ప్రాణం పీకుతూనే ఉంటుంది. ఆమె ఎప్పుడు పెట్టె తెరిచినా పక్కకు వెళ్ళి కూర్చుంటాను. "ఎందుకొచ్చినావు బావా?" అని అడుగుతుంది.

"నీ కోసమే" అంటాను.