పదకొండో పేజీలో ఒక ప్రశ్న

నర్సీపట్నంలో మా మేడ మీది గదిలో కూర్చుని నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. ఎక్కువగా వచ్చేవి వాషింగ్ మెషీన్ల వాడకం పుస్తకాలు, బీమా పత్రాలు, విత్తనాల సంచుల మీద అచ్చువేసే సూచనలు. పని ఇచ్చేవాళ్ళు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటారు. వాళ్ళలో ఎవరి ముఖమూ నేను చూడలేదు, గొంతు విన్నది కూడా తక్కువే. అంతా మెయిల్ మీదే నడుస్తుంది కాబట్టి, మెయిల్ ఆగిపోతే అవతల మనిషే లేనట్టు ఉంటుంది.

రెండేళ్ళ క్రితం వేసవిలో హైదరాబాదులోని ఒక స్వచ్ఛంద సంస్థ నాకు ముప్ఫై రెండు పేజీల పుస్తకం ఒకటి పంపింది. ఏజెన్సీ గ్రామాల తల్లుల కోసం రాసినది. వానాకాలంలో పిల్లలకు జ్వరం, విరేచనాలు వస్తే ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అన్నది అందులో విషయం. ఆ సంస్థ తరఫున నాతో మాట్లాడేది ఒక కోఆర్డినేటర్. మాట్లాడేది అంటున్నాను గానీ రాసేది అనాలి. అప్పటికి ఏడాదిన్నరగా నాకు పని ఇస్తోంది. ఎంత చిన్న సందేహం రాసినా గంటలో జవాబు వచ్చేది. 'నిర్జలీకరణ' అన్న మాట తీసేసి 'ఒంట్లో నీరు తగ్గిపోవడం' అని పెడతానంటే, "అదే మంచిదండీ, ఆ మొదటి మాట నాకే అర్థం కాలేదు" అని రాసింది. అలాంటి క్లయింటు దొరకడం అదృష్టం.

పదకొండో పేజీలో చిక్కు వచ్చింది. ఓఆర్ఎస్ పొడి కలిపే పద్ధతి అది. ఒక వాక్యంలో ప్యాకెట్టును లీటరు నీళ్ళలో కలపమని ఉంది. రెండు పేరాల కింద అదే ప్యాకెట్టును గ్లాసు నీళ్ళలో కలపమని ఉంది. మందుల షాపులో ప్యాకెట్లు రెండు రకాలు దొరుకుతాయి. పెద్దది లీటరు నీళ్ళకు, చిన్నది గ్లాసు నీళ్ళకు. పెద్దదాన్ని గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై పసిపిల్లకు ప్రాణం మీదికి వస్తుంది. నేను అనువాదం పూర్తి చేసి, ఆ వాక్యం పక్కనే కుండలీకరణాల్లో తెలుగులోనే ఒక ప్రశ్న పెట్టాను: (ఇది పెద్ద ప్యాకెట్టా, చిన్న ప్యాకెట్టా? దయచేసి చెప్పగలరు.) ఫైలును ఎప్పటిలాగే సంస్థ ఆన్‌లైన్ ఫోల్డరులో పెట్టి, ఆమెకు పంపిన మెయిల్లో కాస్త గట్టిగానే రాశాను. ఇంగ్లీషు రాసినవారు ఈ పేజీని మళ్ళీ చదువుకోలేదని తెలుస్తోంది, ఇలాంటి పుస్తకంలో ఇది ఉండకూడని తప్పు అని.

ఆ రోజు జవాబు రాలేదు. ఆ వారమూ రాలేదు.

మొదట పని ఎక్కువై ఉంటుందనుకున్నాను. రెండో వారంలో నా మెయిల్‌ను నేనే తీసి చదవడం మొదలుపెట్టాను. 'ఉండకూడని తప్పు' అన్న చోట ఆగేదాన్ని. ఇంగ్లీషులో రాసింది ఆమేనేమో, ఒళ్ళు మండి ఉంటుందేమో అనిపించేది. వాట్సాప్‌లో సందేశం పెడితే ఒక్క టిక్కే పడింది, అవతలికి చేరలేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. సంస్థ వెబ్‌సైటులో ఉన్న మెయిల్‌కు కూడా రాశాను. అది కూడా ఆమె దగ్గరికే వెళ్తుందని తర్వాత తెలిసింది.

నాకు ఈ పని నేర్పినాయన పాయకరావుపేటలో ఉంటారు. కోర్టులో అనువాదకుడిగా చేసి రిటైరయ్యారు. నేను మాస్టారూ అంటాను. ఒక ఉదయం తుని బస్సెక్కి, అక్కడ దిగి, తాండవ నది మీది వంతెన దాటి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వీధి అరుగు మీద కూర్చుని జీడిపప్పు ఏరుకుంటున్నారు. చెప్పిందంతా విని అడిగారు.

"నీకు కోపం వొచ్చిందా, ఆవిడకి కోపం వొచ్చిందని బయమా?"

"రెండోదే మాస్టారూ."

"జవాబు రాకపోతే మన మీద కోపం అనీసుకుంటాం. వాళ్ళింట్లో ఏటి జరుగుతాందో మనకేటి తెలుసు? కోపం ఉన్నోళ్ళు బేగి రాస్తారమ్మా. ఆగరు."

తర్వాత తన పద్ధతి చెప్పారు. మొదటి ఉత్తరంలో ఒక్క మాటతో జవాబివ్వగలిగిన ప్రశ్న ఒక్కటే అడగాలి. రెండోదాంట్లో నింద ఉండకూడదు, 'ఇంతకుముందు రాశాను' అన్న మాట కూడా నిందే. మూడోదాంట్లో ఫలానా రోజులోగా జవాబు రాకపోతే మనం ఏం చేస్తామో చెప్పి, ఆ రోజు అదే చేయాలి.

"నాలుగోది?"

"నాలుగోది రాయకు. నాలుగోది మన మనశ్శాంతికి రాసుకోవాల తప్ప, వాళ్ళకి కాదు."

నేను ఆయన చెప్పినట్టే చేశాను. మొదటి ఉత్తరంలో 'పెద్దదా, చిన్నదా' అని మాత్రం అడిగాను. రెండోది మర్యాదగా రాశాను. మూడోదాంట్లో, జవాబు వచ్చేవరకు పదకొండో పేజీ అనువాదం కానట్టే లెక్క, దయచేసి అచ్చువేయవద్దు అని రాసి, పదిహేను రోజులు గడువు పెట్టాను. గడువు దాటింది. ఫైలు మూసేశాను. మిక్సీ వాడకం పుస్తకం ఒకటి చేతిలోకి వచ్చింది, దానిలో పడిపోయాను. ఆమె గురించి ఆలోచించడం మానేశానని చెప్పను. ఆలోచన వచ్చినప్పుడు లేచి మరో పని చూసుకునేదాన్ని.

శ్రావణం వెళ్ళాక ఒక రోజు, చింతపల్లి వైపు ఊళ్ళో ఉన్న మా చిన్నమ్మకు మందులు పంపడానికి ఆర్టీసీ కాంప్లెక్సుకు వెళ్ళాను. బస్సు కోసం కూర్చున్న ఒకామె పక్కన పురికొసతో కట్టిన పుస్తకాల కట్ట ఉంది. ఆమె కట్టుకున్న చీరను బట్టి ఆశా కార్యకర్త అని తెలుస్తోంది. పై పుస్తకం అట్ట మీద ఉన్న పేరు నేను పెట్టిందే. అడిగి తీసుకుని పదకొండో పేజీ తిప్పాను.

నా ప్రశ్న అచ్చయి ఉంది. కుండలీకరణాలతో, 'దయచేసి చెప్పగలరు'తో సహా.

ఆమె పక్కనే కూర్చున్నాను. ఈ పుస్తకం తెలుగులో రాసింది నేనేనని చెప్పాను. ఆమె నన్ను కిందనుంచి పైకి చూసింది.

"అయితే ఈ పెశ్న మీరే అడిగినారా అండి?"

"అవునమ్మా. అచ్చులో పడాల్సింది కాదు."

"నాకో పుస్తకం ముందే ఇచ్చినారండి, మా ఊర్లో మీటింగులో సదివినాను. పెద్ద ప్యాకెట్టా, సిన్న ప్యాకెట్టా అని సదవగానే ఆడోళ్ళందరూ ఒకల మొకం ఒకలు సూసుకున్నారు. ఒకావిడ ఇంటికెళ్ళి ప్యాకెట్టు ఒట్టుకొచ్చింది. ఇంకొకావిడ ఇంకోటి తెచ్చింది. సూస్తే రెండూ ఒకటి కావు. అప్పటిదాకా మాకూ తెల్దండి. నర్సమ్మగారి కాడికెళ్ళి అడిగొచ్చినాం. ఏ ప్యాకెట్టుకి ఎన్ని నీళ్ళో ఆవిడ దాని మీదే రాసిచ్చినారు."

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. భయమే ముందు మాటగా బయటికి వచ్చింది.

"మిగతా ఊళ్ళలో?"

"అది నాకు తెల్దండి. కట్టలు ఈవారమే ఎల్తన్నాయి. నాది కాక ఇంకో నలుగురు అట్టుకెల్తారు."

ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాను. పుస్తకం వెనక అట్ట మీద సంస్థ ఆఫీసు నంబరు ఉంది. అది నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. అక్కడినుంచే ఫోన్ చేశాను. ఎవరో ఒకాయన తీశాడు. నేనెవరో చెప్పి, కోఆర్డినేటర్ ఉన్నారా అంటే, ఆమె ఉద్యోగం మానేసి మూడు నెలలైందన్నాడు. ల్యాప్‌టాప్, ఆఫీసు ఫోను ఇచ్చేసి వెళ్ళిందట. ఆమె మెయిల్ ఎవరూ తెరవలేదట. వానలు మొదలవుతున్నాయని ఫోల్డరులో ఉన్న ఫైలు తీసి ప్రెస్సుకు పంపేశారట.

"అందులో ప్రశ్న ఉంది, ఎవరూ చదవలేదా?" అని అడిగాను.

"మేం తెలుగు మాట్లాడగలం గానీ, చదివేవాళ్ళు ఆవిడొక్కరేనండీ," అన్నాడాయన. తప్పు దాచుకోలేదు. గంటలో వాళ్ళ డాక్టరు చేత నాకు ఫోన్ చేయించాడు. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకు, చిన్నది గ్లాసు నీళ్ళకు, గ్లాసంటే ఎంతో కొలత, కలిపిన నీళ్ళు ఎంతసేపు నిలవ ఉంటాయో, అన్నీ ఆయన చెప్పాడు. నేను రాసుకుని మళ్ళీ చదివి వినిపించాను.

మరుసటి రోజు మా వీధి చివర డీటీపీ షాపులో ఆ నాలుగు వాక్యాలూ పెద్ద అక్షరాల్లో చీటీలుగా కొట్టించాను. ఆశా కార్యకర్త మిగతా నలుగురినీ ఫోన్లో పట్టుకుంది. ఇద్దరి కట్టలు ఇంకా విప్పలేదు. మూడో ఆమె రెండు ఊళ్ళలో పంచేసింది, చీటీలు తీసుకుని తిరిగి ఆ ఊళ్ళకు వెళ్ళడానికి ఒప్పుకుంది. నాలుగో ఆమె ఫోన్లో నాతో అంది, "మీటింగులో ఆ పేజీ నేను సదవలేదండి, అందులో మీకే తెల్దని రాసుంది కదా." విప్పని కట్టలు తెప్పించుకుని, మా ఇంటి వరండాలో కూర్చుని మధ్యాహ్నమంతా నేనూ ఆ ఆశా కార్యకర్తా చీటీలు అంటించాం. పేజీ తిప్పడం, జిగురు రాయడం, నొక్కడం. ఆ ఏడు ఆ ఊళ్ళలో దీనివల్ల ఏ బిడ్డకూ హాని జరిగినట్టు మేం వినలేదు. వినలేదు అన్నంతవరకే నేను చెప్పగలను.

అప్పటినుంచి కొత్త పని ఒప్పుకునేముందు రెండో మనిషి ఫోన్ నంబరు కూడా అడుగుతున్నాను. సందేహాలు వేరే కాగితంలో పెడుతున్నాను, పాఠం మధ్యలో పెట్టడం లేదు. మాస్టారుకు ఈ రెండోది నచ్చలేదు. "మధ్యలో ఉండబట్టే కదా ఆ ఊరోళ్ళు అడిగినారు," అన్నారు. ఇద్దరం వాదించుకున్నాం, తేలలేదు.

ఆఫీసాయన నా నంబరు ఇచ్చినట్టున్నాడు, దసరా ముందు ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తీస్తే ఆడగొంతు.

"ఏటండీ, బాగున్నారా? నేనండీ, కోఆర్డినేటర్‌ని."

ఆ గొంతులో ఉన్నది మా వైపు యాస. ఏడాదిన్నర ఆమె నాకు రాసింది పుస్తకాల తెలుగు. ఆమెది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరట. వాళ్ళమ్మకు పక్షవాతం వస్తే రాత్రికి రాత్రి ఊరెళ్ళిపోయి, వారంలో ఉద్యోగానికి రాజీనామా పంపేసిందట. నా ఉత్తరాలేవీ ఆమె చూడలేదు. ఆ ఇంగ్లీషు రాసింది కూడా ఆమె కాదు.

"మీకు సెప్పకుండా ఎల్లిపోయినాను. ఏటనుకున్నారో ఏటో," అంది.

"కోపం వచ్చిందనుకున్నాను."

"నాకా? ఎందుకండీ?"

ఆమెకు నిజంగానే తెలియదు. నేను వివరించలేదు. వాళ్ళమ్మ ఎలా ఉన్నారని అడిగాను. కుడిచెయ్యి కొంచెం కదులుతోందట, అన్నం తనే కలుపుకుంటానని పేచీ పెడుతోందట. ఆ పేచీ సంగతి చాలాసేపు చెప్పింది. నేను వింటూ, మధ్యలో నాకు తెలియకుండానే మా యాసలోకి దిగిపోయి, "మరేటి సేస్తారు, కలుపుకోనీండి," అన్నాను.