మస్తానయ్య మాస్టారి రెండు మోకులు

పోయిన వారం మా వీధిలో పందిరి వేస్తుండగా వాన కురిసింది. తడిసిన కొబ్బరి పీచు మోకుల వాసన కిటికీలోంచి గదిలోకి వచ్చింది. వయొలిన్ మీద నా కమాను ఆగిపోయింది. ఆ ఉదయమే ఒక సంగీత సభ వాళ్ళు అచ్చువేసిన సంచికలో మా మాస్టారి గురించి నాలుగు వాక్యాలు చదివాను. సముద్రం మీద ఆయన ఒక వింత కూర్పు చేశారనీ, అది వాయించడానికి కుదిరేది కాకపోవడంతో సభ మధ్యలోనే ఆగిపోయిందనీ రాశారు. రాసినాయన తప్పు లేదు, ఊళ్ళో అందరూ చెప్పుకునేది అదే. ఆ సభలో ఒక వయొలిన్ నాది. జరిగింది చెప్పవలసిన వాణ్ణి నేనే. ఇరవై రెండేళ్ళుగా చెప్పలేదు.

మస్తానయ్య మాస్టారిది వాకాడు దగ్గర సముద్రపుటొడ్డున చిన్న పల్లె. చేపలు పట్టే కుటుంబం. పదిహేనో ఏట సరుగుడు కట్టెల పడవెక్కి కాలువ వెంట మద్రాసు పోయారు. అక్కడ ఒక వాకిట్లో వయొలిన్ విని, ఆ ఇంట్లోనే నీళ్ళు మోస్తూ నేర్చుకున్నారు. యాభైలు ముగిసే రోజుల్లో నేను చేరేనాటికి నెల్లూరులో ఒక మేడగదిలో పాఠాలు చెబుతున్నారు. మాది మాగాణి ఉన్న ఇల్లు. పంతొమ్మిదేళ్ళకే నాలుగైదు కచేరీలు చేసి, వేళ్ళ వేగానికి మెప్పు పొందినవాణ్ణి. మొదటిరోజు ఆయన ముందు ఒక వర్ణం వాయించాను. కళ్ళు మూసుకుని విని, "బాగా పరిగెత్తుతుండావు అబ్బయ్యా. ఎనకాల ఎవురన్నా తరుముతుండారా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది.

రెండేళ్ళ తర్వాత ఆయన ఆ కూర్పు మొదలుపెట్టారు. రెండు వయొలిన్లు, ఒక వేణువు, ఒక మృదంగం. ఒక వయొలిన్ ఆయనది, రెండోది నాది. అప్పటిదాకా మేం విన్న ఏ కృతిలాగానూ లేదది. నాకు ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. "గదిలో కూసోని దీన్ని చెప్పలేనయ్యా" అని ఒకరోజు మమ్మల్ని ముగ్గుర్నీ తన పల్లెకు తీసుకుపోయారు.

తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాం. ఒక పడవ అలివి వలను సముద్రంలోకి తీసుకుపోయి అర్ధచంద్రంలా వదిలి వచ్చింది. వలకు రెండు కొసలా రెండు పొడుగాటి మోకులు. ఒకటి మా దగ్గర, రెండోది ఇసకలో చాలా దూరాన, మనుషులు చీమల్లా కనిపించేంత దూరాన. ఒక్కో మోకుకు ఇరవైమంది. లాగుతూ లాగుతూ రెండు జట్లూ ఒకదాని వైపు ఒకటి జరుగుతూ రావాలి. మాస్టారి అక్క పోలమ్మ మా వైపు జట్టుకు పెద్ద. నన్ను ఎగాదిగా చూసింది.

"ఏరా మస్తానా, ఈ అబ్బయ్య లాగను వచ్చినాడా, చూడను వచ్చినాడా?"

"లాగనే అక్కా."

"చేతులు ఎన్నపూస మాదిరి ఉండాయే. కరిగిపోతే మమ్మల్ని అనబాకండి."

ఆ మాటకు పౌరుషం వచ్చి బలంకొద్దీ లాగాను. కాసేపటికి మోకు ఉన్నట్టుండి నా చేతిలో తేలికైపోయింది. గెలిచాననుకున్నాను.

"ఆగు నాయనా," అంది పోలమ్మ. "నువ్వు ముందు లాగితే వల వంకర పోద్ది. అవతలోళ్ళు బిగబడితే చినిగిపోద్దని వదులిచ్చినారు. ఇప్పుడు చేపలన్నీ ఆ పక్క నుంచి పోతుండాయి."

"అవతలివాళ్ళు ఎంత లాగారో ఇక్కడికి ఎలా తెలుస్తుంది? గాలికి కేక కూడా వినపడదు కదా."

"చేతిలో బరువు లేదా? అదే చెప్పుద్ది."

మాస్టారు నా వైపు చూశారు. ఆ కూర్పంతా అప్పుడు నాకు అర్థమైంది.

వల ఒడ్డెక్కి, చేపలు గంపల్లోకి పోయాక, అక్కడే వాయించాం. వేణువు, మృదంగం వాయించేవాళ్ళు మధ్యలో ఇసక మీద కూర్చున్నారు. మేమిద్దరం చెరో వైపు దూరంగా నిలబడ్డాం. తాళం ఒక చుట్టు తిరిగే ఒక్కో ఆవృత్తానికి ఒక్కో అడుగు దగ్గరికి రావాలి. ఒకరినొకరు చూసుకోకూడదు. ఆయన కమాను ఎంత బరువుగా పడుతుందో నాకు అందీ అందనట్టు వినిపించేది. దాన్ని బట్టి నా కమాను నడవాలి. మృదంగం ఆయన చాలాసేపు దెబ్బే వేయలేదు, ఎడమ మూతను అరచేత్తో రాస్తూ ఉండిపోయాడు. అల వెనక్కి పోతూ ఇసకను ఈడ్చుకుపోయే చప్పుడు అది. పక్కనే నిజం సముద్రం ఉన్నా, ఏది చర్మం మీద చెయ్యో ఏది నీరో తెలియలేదు. చివర్లో ఇద్దరం భుజాలు తగిలేంత దగ్గరికి వచ్చి ఒకే స్వరం మీద ఆగాం. వల నేలను తాకినప్పుడు లాగేవాళ్ళందరూ ఊపిరి బిగబట్టే ఆ క్షణం కోసం ఆయన పెట్టిన నిశ్శబ్దం అక్కడ ఉంది. అంత పెద్ద నిశ్శబ్దాన్ని నేను మళ్ళీ ఏ సంగీతంలోనూ వినలేదు.

పోలమ్మ చేపల పొలుసుల చేతులతోనే వచ్చి తమ్ముడి ముందు నిలబడింది. "నాయన నా ఎనక నిలబడి లాగినట్టుండాది రా," అంది. వాళ్ళ నాన్న సముద్రంలో పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. వాయించడానికి కుదరదని చెప్పేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. అది కుదిరింది. నేను అక్కడ ఉన్నాను.

కొన్ని నెలలకు నెల్లూరులో సభ పెట్టారు. మద్రాసు నుంచి రేడియో అధికారి ఒకాయన వస్తున్నారు. నచ్చితే కూర్పును రికార్డు చేస్తారు, మాస్టారికి వాద్యబృందంలో కొలువు ఇస్తారు. యాభై దగ్గరపడుతున్న మనిషికి అదొక్కటే అవకాశం. ముందు వరుసలో మా మేనమామ, ఆయన స్నేహితులు. వేదిక ఒక కొసన నేను, రెండో కొసన మాస్టారు. నాలుగో ఆవృత్తంలో నేను ఒక చిన్న సంగతి వేశాను, కూర్పులో లేనిది. చప్పట్లు పడ్డాయి. ఇంకొకటి వేశాను. వేగం పెంచాను. అవతలి కమాను బరువు తగ్గడం నాకు వినిపించింది. నాకు వినపడలేదని ఇన్నేళ్ళూ అనుకోవాలని చూశాను గాని, వినిపించింది. ఆయన వదులిస్తున్నారు. నేను ఆగి ఉంటే నాలుగు క్షణాల్లో సర్దుకునేది. చప్పట్లు వదులుకోలేక ఇంకా ముందుకు పోయాను. వేణువు ఎవరి వెంట పోవాలో తెలియక ఆగింది. మాస్టారు కమాను దించేశారు. జనం ఆయన మరిచిపోయారనుకున్నారు.

అధికారి వేదిక మీదికి వచ్చి, "ఎక్కడ తప్పింది?" అని అడిగారు.

మాస్టారు నా వైపు చూశారు. కోపంగా కాదు. నేను చెబుతానేమోనని ఎదురుచూసినట్టు చూశారు. నేను తంత్రులు సవరించుకుంటున్నట్టు తల వంచాను.

"కూర్పులోనే ఉండాది సార్. ఈ పిల్లోడు బాగానే వాయించినాడు," అన్నారాయన.

ఆ కొలువు నాకు వచ్చింది. ఈ రోజుకీ దానిమీదే బతుకుతున్నాను.

అరవైల చివర్లో ఒకసారి ధైర్యం చేసి ఆయన దగ్గరికి పోయాను. అదే మేడగది. "రేడియోలో వింటుండా. పరుగు తగ్గింది అబ్బయ్యా," అన్నారు నవ్వుతూ. క్షమించమని అడగడానికి పోయాను, అది మాత్రం అడగలేదు. బదులుగా, మీ వైపు వయొలిన్ కూడా నాకు నేర్పండి, రాసి పెడతాను అన్నాను. ఆయన ఎవరి భాగం వాళ్ళకే నోటితో నేర్పారు, కాగితం మీద పెట్టలేదు. అవతలి మోకు ఏం చేస్తుందో తెలిస్తే చేతులు వినడం మానేస్తాయని ఆయన నమ్మకం.

"రెండూ నీకెందుకయ్యా? ఇంకొకణ్ణి తీసకరా. వాడికి చెప్తా. ఇద్దురూ కలిసి వాయించండి," అన్నారు.

తీసుకువస్తానన్నాను. ఎవరిని తీసుకుపోయినా, ఆ రోజు సభలో ఏం జరిగిందో వాడికి ముందు చెప్పాలి. చెప్పలేక ఒక ఏడు గడిచింది. రెండో ఏడు ఆయన పోయారని కార్డు వచ్చింది. వేణువు ఆయన, మృదంగం ఆయన అంతకు ముందే పోయారు.

కాబట్టి ఆ కూర్పులో ఇప్పుడు భూమ్మీద మిగిలింది నా వైపు వయొలిన్ ఒక్కటే. రోజూ తెల్లవారగానే, శిష్యులు రాకముందు, దాన్ని మొదటి నుంచి చివరిదాకా వాయిస్తాను. ఒక్కో ఆవృత్తానికి ఒక్కో అడుగు వేస్తాను. ఇప్పుడు తొందరపడను. అవతలి నుంచి ఏ బరువూ రాదు కాబట్టి ఎంత నెమ్మదిగా నడవాలో తెలియదు. ఊహించుకుని నడుస్తాను. గది గోడ దగ్గరికి వచ్చాక ఆ చివరి స్వరం మీద ఆగి, ఆయన చేరేదాకా కమాను ఎత్తకుండా పట్టుకుంటాను.